నువ్వా సంతకం పెట్టకముందే

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరానికి ఇన్నాళ్ళు జవాబు రాయనందుకు ఏమీ అనుకోకు. అమ్మ మోకాళ్ళు కాస్త నయం. పాప ఐదో తరగతిలోకొచ్చింది. ఇక అసలు సంగతి. ఫోన్ చేద్దామంటే రికవరీ వాళ్ళకి భయపడి నువ్వు ఎత్తడం లేదాయె.

సోమవారం ఇంటి లోను కోసం బ్యాంకుకెళ్ళాను. జీతం స్లిప్పులు, స్థలం కాగితాలు అన్నీ పక్కాగా ఉన్నాయి. మేనేజరు గారు చూసి, "మీ సిబిల్ స్కోరు 648 అండీ, మావాళ్ళు 750 అడుగుతారు" అన్నారు. అప్పులు మనం ఎలా కట్టామో చూసి వేసే మార్కులట అవి. బండి లోను ఒక్క ఈఎంఐ కూడా తప్పలేదురా నేను! ఆయన స్క్రీన్ నా వైపు తిప్పి వేలితో చూపించారు. పాత క్రెడిట్ కార్డు పక్కన ఒకే ముక్క: 'సెటిల్డ్'.

మన సాంబారు రోజులు గుర్తున్నాయిగా? జీతాల్లేని ఆ ఆరు నెలలు. 38 వేల బాకీకి 20 వేలు కడితే చాలని ఫోన్లో ఒకడు అంటే కట్టేశాను. పీడ వదిలిందని ఇద్దరం బందరు లడ్డూ కూడా తిన్నాం. వదల్లేదురా. పూర్తిగా కడితేనే 'క్లోజ్డ్' అని రాస్తారట. తగ్గించి కడితే, వాళ్ళు వదులుకున్న ఆ 18 వేలు మన పేరు పక్కన ఏళ్ళ తరబడి కనిపిస్తూనే ఉంటాయి. ఎక్కడైనా లోను దొరికినా వడ్డీ ఎక్కువ వేస్తారు. 30 లక్షలకి అర శాతం పెరిగితే నెలకి వెయ్యికి దగ్గర, 20 ఏళ్ళకి రెండు లక్షల పైమాటే.

ఇంటికొస్తే మీ చెల్లెమ్మ ఏమీ అనలేదు. క్యాలెండరు కాగితం వెనక గీసుకున్న వంటగది ప్లాను మడిచి బియ్యం డబ్బా కింద పెట్టింది. తూర్పున కిటికీ కూడా గీసింది... సరే, అది వదిలెయ్.

మిగతాది కట్టి, ఇక బాకీ లేదని రాసిచ్చే నో డ్యూస్ లెటరు తీసుకుంటున్నా. సిబిల్ రికార్డు మార్చకపోతే ఫిర్యాదు పెడతా. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ తర్వాత రోజుకి 100 రూపాయలు మనకివ్వాలని రిజర్వు బ్యాంకు రూలు ఉంది.

ఇదంతా ఎందుకంటే, నీ ఉత్తరం చివర్లో "కార్డువాళ్ళు సగానికి ఒప్పుకున్నారు, ఈ నెలాఖరుకి సంతకం పెట్టేస్తా" అని రాశావు చూడు. పెట్టకురా. మొత్తం బాకీ వాయిదాల్లో కడతానని రాతపూర్వకంగా అడుగు. ముందు నీ సిబిల్ రిపోర్టు తీసి చూసుకో, ఏడాదికోసారి ఉచితమే. మనది మనం చూసుకుంటే స్కోరేమీ తగ్గదు. మొదటి వాయిదాకి ఐదువేలు నేను పంపిస్తా, మొహమాటపడకు. ఇంకో మాట, మీ బావమరిది ట్రాక్టరుకి హామీ సంతకం పెట్టావు కదా, అతను కట్టకపోతే అదీ నీ మెడకే...

బస్సొచ్చేసింది. ముందు ఫోన్ ఎత్తు.

నీ
రాంబాబు