నర్సాపురం అక్కకి, ఇంకా అందరికీ

మా అబ్బాయి ఇంటికొచ్చేశాడండి. కింది కోర్టు వేసిన యావజ్జీవాన్ని హైకోర్టు కొట్టేసింది. ఫోన్ చేస్తున్నవాళ్లందరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేదు, గొంతు కూడా పోయింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా ఆయన, తమ్ముడు, ఆడపడుచు, అందరూ నిలబడ్డారు. వాళ్లకి నేను వేరే చెప్పేదేముంది.

చెప్పాల్సింది ఒక అక్క గురించి. పేరు రాయొద్దంది. మాది సఖినేటిపల్లి, ఆమెది నర్సాపురం. మధ్యలో వశిష్ఠ గోదావరి ఒక్కటే, రేవు దాటించే పంటు దిగితే ఆమె ఊరే. అయినా మేం కలిసింది రాజమండ్రి సెంట్రల్ జైలు దగ్గర, ములాఖత్ లైన్లో. ఆమె కొడుకూ లోపలే. లైన్ కదిలేదాకా లేసు అల్లుతూనే ఉండేది. పేరు పిలవగానే సూదిని దారపుండలో గుచ్చి, సంచి నా చేతికిచ్చి లోపలికెళ్లేది.

అప్పటికి మేం కొబ్బరితోట బేరం పెట్టాం. అప్పీలుకి లాయరు అంత అడిగాడు మరి. అది విని, "తోట అమ్ముకోవడమేంటమ్మా? జైల్లో ఉన్నోళ్లకి గవర్నమెంటే లాయర్ని పెడద్ది, ఆస్తితో పన్లేదు. లీగల్ ఎయిడ్ వాళ్ల నంబరు 15100కి ఫోన్ చెయ్యి" అంది. తీర్పు కాపీ ఖైదీకి ఊరికే ఇవ్వాలనీ ఆమే చెప్పింది. మా దగ్గర దానికీ డబ్బులు గుంజారు! అప్పీలుకి 60 రోజుల గడువు దాటిపోయిందని ఏడుస్తుంటే, ఆలస్యానికి కారణం చూపించి పిటిషన్ వేస్తే కోర్టు తీసుకోవచ్చని, వాళ్లబ్బాయిదీ అలాగే తీసుకున్నారని ధైర్యం చెప్పింది.

ఓసారి అమరావతి హైకోర్టుకి వెళ్లాలి, చేతిలో చార్జీలు లేవు. నేను అడగలేదు. ఆమే చిన్న పర్సు తీసి, లేసు కూలి డబ్బులు మడత కూడా విప్పకుండా నా గుప్పిట్లో పెట్టేసింది. ఆ కూలి ఏపాటిదో మా వైపు ఆడవాళ్లందరికీ తెలుసు.

తీర్పు రాగానే ముందు ఆమెకే చేశాను. నాకంటే ఎక్కువ ఏడ్చింది. "బాబొస్తే ఏం వండుతావే?" అంది. వాళ్లబ్బాయి అప్పీలు ఇంకా విచారణకే రాలేదు. ఆ మాట ఎత్తనేలేదు. నా వల్ల కాలేదండి, ఫోన్ పెట్టేశాను.

ఒక్కటి మాత్రం అడక్కుండా ఉండలేను. సాక్షికి ముందే స్టేషన్లో మావాడి ఫోటో చూపించి, తర్వాత నలుగురిలో నిలబెట్టి గుర్తుపట్టమనే గుర్తింపు పరేడ్ పెట్టినవాళ్లని ఎవరూ ఏమీ అనరా? విజయవాడ హాస్టల్ హత్య కేసులో సత్యంబాబుని 2017లో నిర్దోషిగా వదిలినప్పుడు హైకోర్టు లక్ష రూపాయలు ఇవ్వమంది. మాకు అదీ లేదు. ఇలాంటివాళ్లకి పరిహారం కోసం చట్టం తెమ్మని, కేంద్రానికి చట్టాల మీద సలహాలిచ్చే లా కమిషన్ 2018లోనే చెప్పింది. ఎవరికి పట్టింది? మావాడు ఐటీఐ చివరి ఏడాదిలో ఉండగా తీసుకెళ్లారు. ఇప్పుడు వాడికి పనెవరిస్తారు?

అయ్యో, లీగల్ ఎయిడ్ లాయరమ్మ గారిని రాయనే లేదు! ఆ ఫోటో సంగతి పట్టుకుంది మీరేనండి, కోటి దండాలు. పంటు మీద టికెట్ అడగని తమ్ముడికి కూడా.

జిరాక్స్ షాపు బాబూ, నీ బాకీ గుర్తుంది, సోమవారం వస్తాను.