కోతకు ముందే పడాల్సిన ఇంజెక్షన్: వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ప్రసూతి వార్డుల్లో, ఆపరేషన్ థియేటర్లలో ఇరవై ఏళ్లకు పైగా స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను.

పెద్దాపరేషన్ అయి ఇంటికెళ్లిన బాలింత ఎనిమిదో రోజో పదో రోజో ఆటోలో తిరిగొస్తుంది. ఒళ్లు కాలిపోతుంటుంది. కట్టు విప్పి కుట్ల పక్కన కాస్త నొక్కితే చీము. "వద్దంటే వినకుండా పప్పు తిన్నది సిస్టర్, అందుకే చీము పట్టింది" అంటుంది అత్తగారు. ఆ పిల్ల తల దించుకుంటుంది. పప్పుకూ చీముకూ సంబంధం లేదని ఎంతమందికి చెప్పానో! ఆపరేషన్ రోజు యాంటీబయాటిక్ ఎన్ని గంటలకు పడిందో చూద్దామని కేస్ షీటు తిరగేస్తే మాత్రం, మందు పేరు ఉండేది, టైము ఉండేది కాదు.

నేను అడగబోయేది ఆ టైము గురించే.

సిజేరియన్ ఏదైనా సరే, ముందే అనుకున్నదైనా ఎమర్జెన్సీ అయినా, కోత పెట్టకముందే తల్లికి ఒక డోసు యాంటీబయాటిక్ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. కోతకు 30 నుంచి 60 నిమిషాల ముందు ఇస్తే, బ్లేడు చర్మం దాటే సమయానికి మందు రక్తంలో, కండలో సిద్ధంగా ఉంటుంది. 15 వేల మందికి పైగా తల్లులపై జరిగిన పరిశోధనలను కలిపి చూసిన కాక్రేన్ అనే అంతర్జాతీయ పరిశోధకుల సంస్థ 2014 నాటి సమీక్షలో, ఇలా ముందుజాగ్రత్తగా మందు ఇచ్చినవాళ్లలో కుట్ల ఇన్‌ఫెక్షన్లు, గర్భసంచి ఇన్‌ఫెక్షన్లు 60 నుంచి 70 శాతం తగ్గాయని తేలింది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో బిడ్డను బయటికి తీసి, బొడ్డుతాడుకు క్లాంపు వేశాకే "సిస్టర్, ఇంజెక్షన్ ఇవ్వండి" అనేవారు. మందు బిడ్డకు చేరుతుందేమోనని అప్పటి భయం. ముందే ఇస్తే తల్లికి ఇన్‌ఫెక్షన్లు ఇంకా తగ్గుతున్నాయని, బిడ్డకు అదనంగా హాని కనబడలేదని తర్వాత తెలిసింది. పుస్తకాలు మారాయి. చేతి అలవాటు అంత తొందరగా మారదు. అర్ధరాత్రి కేసులో మత్తు డాక్టరు వీపులో సూది గుచ్చుతుంటారు, నేను మూత్రం గొట్టం (క్యాథెటర్) చూస్తుంటాను, బయట సంతకాల కోసం భర్తను వెతుకుతుంటారు. ఇంజెక్షన్ సీసా ట్రేలోనే ఉండిపోతుంది. నా డ్యూటీలోనూ అలా జరిగింది, దాచడానికేముంది.

అక్కడ పోయినదాన్ని వార్డులో రాబట్టాలన్నట్టు ఐదు రోజులో, ఏడు రోజులో ఇంజెక్షన్లు నడుస్తాయి. సెఫ్‌ట్రయాక్సోన్, మెట్రోనిడజోల్, ఒక్కోసారి అమికాసిన్ కూడా. ఇంజెక్షన్ల కోసం నరంలో పెట్టిన కాన్యులా ఉన్న చెయ్యి వాచిపోయి, పాలకు బిడ్డను తిప్పుకోలేక ఏడ్చిన తల్లులను చూశాను. డిశ్చార్జి చీటీలో మళ్లీ మాత్రలు. "మన థియేటర్ల సంగతి తెలుసు కదా, ఎందుకైనా మంచిది" అంటారు డాక్టర్లు. వాళ్ల టెన్షన్ నాకు తెలుసు, ఏదైనా అయితే బంధువులు నిలదీసేది వాళ్లనే. అయితే ఆపరేషన్ అయిపోయాక ముందుజాగ్రత్త డోసులు పొడిగించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2016లో చెప్పింది. పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్ సరిగ్గా పనిచేయకపోతే బాగు చేయించాలి గానీ, ఆ పని బాలింత నరంలోకి ఎక్కించే మందు చేయదు. ఏ మందుకూ లొంగని సూక్ష్మజీవులు వార్డులో పెరగడానికి మాత్రం అది చాలు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తం మీద అది 21.5 శాతం. ఇన్ని కోతలు ఎందుకన్నది ఇంకో లేఖకు సరిపడే విషయం. ఇన్ని జరుగుతున్నప్పుడు ఒక్క డోసు టైము తప్పితే ఎంతమంది కుట్లు విడిపోతాయో మీరే ఆలోచించండి.

ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నిటి కేస్ షీటులో రెండు గడులు పెట్టించండి: మందు పడిన టైము, కోత పెట్టిన టైము. మొదటి గడి ఖాళీగా ఉంటే, "ఇంజెక్షన్ పడలేదు, ఆగండి" అని డాక్టరుతో అనే అధికారం నర్సుకు ఉండాలి, రాతపూర్వకంగా. నోటిమాటగా ఇస్తే మా మాట ఎవరూ వినరు. సెఫజోలిన్ లాంటి పాత, చవక యాంటీబయాటిక్ థియేటర్లో ఎప్పుడూ ఉండేట్టు చూడండి. మేం కావాలని ఇండెంట్ రాసి పంపినది ఒకటి, స్టోర్ నుంచి వచ్చేది ఇంకొకటి. పెన్సిలిన్ లాంటివి పడనివాళ్లకు వేరే మందులున్నాయి, ఆ సంగతి అడ్మిషన్ రోజే అడిగి రాసుకోవాలి.

ఇంకొక్కటి. సిజేరియన్ అయిన ఇంటికి బిడ్డను చూడటానికి ఆశా కార్యకర్త 7, 14, 21, 28, 42 రోజుల్లో ఎలాగూ వెళ్తుంది. అప్పుడే తల్లి కుట్లు కూడా చూసి, చీము కనబడితే ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి కబురు చేరేలా ఏర్పాటు చేయించండి. ఇప్పుడైతే ఆ బాలింత ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర రోజూ కట్టు మార్పించుకుంటుంటుంది. ఆసుపత్రి రిజిస్టరులో ఆమె పేరుకు ఎదురుగా "కండిషన్ బాగుంది, డిశ్చార్జి" అనే ఉంటుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు