శీనూ, ఆ ఐదు నెలలూ అక్కడే ఉండరా

ఒరేయ్ శీనూ,

నిన్న ఫోన్‌లో "టొరంటో చాలు, బెంగళూరు వచ్చేస్తా, పీఆర్ (కెనడాలో శాశ్వత నివాస హక్కు) ఎక్కడికీ పోదుగా" అన్నావు చూడు, అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. ఫోన్‌లో చెప్తే వినవు, అందుకే రాస్తున్నా.

నేనూ అలాగే అనుకున్నాను. 2021 జూన్‌లో పీఆర్‌తో కెనడాలో దిగాను, 2023 మార్చిలో నాన్న ఆపరేషన్ అని వచ్చేశాను. కార్డు మీద 2026 దాకా తేదీ ఉందని ధీమా. మొన్న మారతహళ్లి ట్రాఫిక్‌లో గంటన్నర ఇరుక్కుని, పనిలేక లెక్కేశా. కెనడాలో ఉన్నది 630 రోజులు. ఐదేళ్లలో ఉండాల్సింది 730. ఏసీ క్యాబ్‌లో చెమట పట్టిందిరా!

ఇప్పుడు నేను చేసే కంపెనీ కెనడాదే కదా, ఇక్కడ చేసినా అక్కడున్నట్టే అని ఇన్నాళ్లూ నన్ను నేనే జోకొట్టుకున్నా. కాదట. అక్కడి ఉద్యోగిని వాళ్లే బయటి దేశానికి పంపితే ఆ రోజులు లెక్కలోకొస్తాయి. నేను వైట్‌ఫీల్డ్‌లో ఇంటర్వ్యూ ఇచ్చి చేరినవాణ్ణి. కెనడా పౌరురాలైన భార్యతో కలిసి ఇక్కడున్నా లెక్కేస్తారు, ఆ భాగ్యం మనకెక్కడిది.

సరే, ఫిబ్రవరి ఆఖరుకి టికెట్ తీశా. జూన్‌లోపు ఆ వంద రోజులూ పూడుతాయి, పీఆర్ నిలుస్తుంది. సిటిజన్‌షిప్ సంగతే కడుపు మండిస్తోంది. దరఖాస్తుకి ముందు ఐదేళ్లలో 1,095 రోజులు కావాలి. ఆ ఐదేళ్లేమో మనతోపాటే ముందుకు జరుగుతుంటాయి. జూన్ దాటాక నేనక్కడ ఒక రోజు గడిపితే, 2021 నాటిది ఒకటి వెనక నుంచి రాలిపోతుంది. చిల్లుకుండలో నీళ్లు. లెక్క తేలేసరికి 2029 మార్చి! ఇవాళ కొత్తగా దిగినవాడికీ నాకూ తేడా లేదు. పీఆర్ రాకముందు అక్కడ చదువుకున్న రోజులకి సగం చొప్పున వచ్చే లెక్క కూడా ఎప్పుడో గడువు దాటింది.

నీకు ఇంకా ఐదు నెలలేగా. అవి పూర్తిచేసి దరఖాస్తు పెట్టు. ప్రమాణం చేసే రోజున కూడా కెనడాలోనే ఉండాలి, గుర్తుంచుకో. తర్వాత మన పాస్‌పోర్ట్ సరెండర్ చేసి, ఓసీఐ (వేరే దేశ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకి ఇండియా ఇచ్చే కార్డు) తీసుకుని ఇక్కడ ఎన్నేళ్లున్నా ఫరవాలేదు. ఓటు మాత్రం ఉండదు. మీ నాన్నగారు ఊళ్లో పొలం నీ పేర కొంటానంటున్నారుగా, ఓసీఐ వాళ్లు వ్యవసాయ భూమి కొనకూడదు. ఆయనతో ముందే మాట్లాడు.

నాన్న కోసం వచ్చినందుకు నాకు బాధ లేదురా. ఆయనిప్పుడు రోజూ పార్కుకి నడిచి వెళ్తున్నాడు.

ఫిబ్రవరిలో నీ బేస్‌మెంట్ ఖాళీయేనా? నా చలికోటు ఇంకా నీ దగ్గరే ఉంది, ఎవరికీ ఇచ్చెయ్యకు.

నీ
రవి