పాల రైతుల సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు మళ్లీ చెప్పనక్కర్లేదు. ముందుగా పాల కేంద్రం వరండా ఇచ్చిన పెద్దాయనకు, కుర్చీలు మోసిన కుర్రాళ్లకు, పిలిచినప్పుడల్లా సొంత బండి మీద వచ్చిన రిటైర్డ్ పశువైద్యుడు గారికి, టీ కాచి పోసిన అక్కలకు పేరుపేరునా కృతజ్ఞతలు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవలసింది చూడి సమస్య మీద పెట్టిన సదస్సు. బాగా పాలిచ్చే హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవులే మూడు నాలుగు సార్లు కృత్రిమ గర్భధారణ సూదులు వేయించినా చూడి నిలవక పొర్లుతున్నాయని అందరి గోడు. సెమెన్ మంచిది కాదని కొందరు, ఊళ్లో ఆ సూదులు వేసే గోపాలమిత్రకు చేతకాదని కొందరు తిట్టుకుంటూ వచ్చాం. డాక్టరు గారు అసలు సంగతి విడమరిచి చెప్పారు. ఈనిన కొత్తలో పాలు పెరిగినంత వేగంగా ఆవు మేత పెరగదు. ఆ లోటు పూడ్చుకోవడానికి ఒంట్లో కొవ్వు కరిగిస్తుంది. ఆ కొవ్వు ఆమ్లాలు రక్తంతో పాటు అండం చుట్టూ ఉండే ద్రవంలోకీ చేరతాయని బెల్జియం పరిశోధకులు చూపించారు. అండం పెరిగి సిద్ధం కావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అంటే మనం సూది వేయించే రోజున విడుదలయ్యేది ఆ లోటు రోజుల్లో పెరిగిన అండమే. అమెరికాలో జాక్ బ్రిట్ అనే పశు శాస్త్రవేత్త 1992లోనే ఈ మాట అన్నారట. అలాంటి అండంతో పిండం ఏర్పడినా బలహీనంగా ఉంటుంది. సూది వేయించిన 16వ రోజు ప్రాంతంలో ఆ పిండం తానున్నానని తల్లికి తెలియజేయలేకపోతే, 21వ రోజుకు ఆవు మళ్లీ ఎదకొస్తుంది.

ఆ సాయంత్రమే ఒక సభ్యురాలి పాకకు వెళ్లాం. ఆవు ఈని రెండు వారాలు. పాలు నిండుగా ఇస్తోంది, దాణా మాత్రం మూతి పెట్టి వదిలేస్తోంది. కొవ్వు అతిగా కరిగితే మూత్రంలో వచ్చే కీటోన్లను పట్టిచ్చే పట్టీ ముంచితే, చూస్తుండగానే ఊదారంగుకు తిరిగింది. "పాలు ఇంత బాగా ఇస్తోంది కదా సార్, జబ్బేంటి?" అని ఆమె అడిగింది. డాక్టరు గారు తోక మొదట్లో మా అందరి చేతులూ పెట్టించి కండ చూపించారు. ఒంట్లో కండ, కొవ్వు ఎంతుందో చూసి వేసే ఒంటి స్కోరు ఈనేనాటికి 5కి 3, మూడున్నర ఉండాలట. మరీ బలిసినా ఈనాక మేత తినదు, కొవ్వు ఇంకా కరుగుతుంది. వట్టిపోయింది కదా అని దాణా ఆపేసే అలవాటు మాత్రం మనం మానుకోవాలి.

పట్టీలు, మినరల్ మిక్స్చర్ పంపుతామన్న అధికారి గారు మూడుసార్లు తేదీ మార్చి, చివరికి రానే లేదు. పట్టీలు మన డబ్బుతోనే కొన్నాం. పేర్లిచ్చిన వాలంటీర్లలో నెలనెలా నాతో పాకలు తిరిగింది ఇద్దరే. మిగతావారు నొచ్చుకున్నా సరే, ఆ కష్టమంతా ఆ ఇద్దరిదేనని రాస్తున్నాను.

జమాఖర్చులు ఆడిటరు గారు చూసి సంతకం చేశారు. కాపీ పాల కేంద్రం గోడకు అంటించాం, చూసుకోగలరు.

సదస్సు నాటి సాయంత్రం పాకలో చూసిన ఆ ఆవుకు వెంటనే వైద్యం చేయించాం. తర్వాత రెండో సూదికి చూడి నిలిచింది, మొన్న పరీక్షలో ఖాయమైంది. ఈనబోయే ఆవుల రిజిస్టరు పాలు పోసే బల్ల దగ్గరే ఉంటుంది. ఈసారి నేను ఇంటింటికీ వచ్చి అడగకముందే తేదీలు రాయించండి.

కార్యదర్శి