ఆ మన్రో వేరు, ఆ ఎత్తు వేరు

సంపాదకులకు,

గత ఆదివారం మీ అనుబంధంలో స్కాట్లాండ్ కొండల మీద వచ్చిన యాత్రా వ్యాసంలో రెండు తప్పులు దొర్లాయి. మొదటిది నవ్వుకుని వదిలేయొచ్చు. అక్కడ మూడు వేల అడుగులు దాటిన కొండల్ని ‘మన్రో’లంటారని, ఆ పేరు మన రాయలసీమ కలెక్టర్ మన్రో దొర మీద వచ్చిందని రాశారు. దత్త మండలాల్లో రైత్వారీ పెట్టి, 1827లో పత్తికొండలో కలరాతో పోయిన థామస్ మన్రో గ్లాస్గోలో పుట్టినమాట నిజమే. ఈ మన్రో మాత్రం వేరు. హ్యూ మన్రో అనే ఆయన 1891లో ఆ ఎత్తు దాటిన శిఖరాలన్నిటికీ పట్టిక వేశాడు. ఇప్పుడా పట్టికలో 282 ఉన్నాయి. సర్వే శాఖలో ముప్ఫై నాలుగేళ్లు గొలుసు లాగినవాణ్ని, మన్రో దొర పేరు తప్పుగా వాడితే చూస్తూ ఊరుకోలేక చెబుతున్నాను.

రెండో తప్పు అలా వదిలేసేది కాదు. ‘ఇవి మన అరకు అంత ఎత్తే, పొద్దున ఎక్కి మధ్యాహ్నం భోజనానికి దిగిపోవచ్చు’ అన్నారు. అరకులో తొమ్మిది వందల మీటర్ల ఎత్తున కాఫీ పండుతుంది. స్కాట్లాండ్‌లో అదే ఎత్తున చెట్టన్నది మొలవదు. అది 56 డిగ్రీలు దాటిన ఉత్తర అక్షాంశం, పైగా పడమటి సముద్రం మీంచి వచ్చే గాలికి అడ్డమే లేదు. సముద్ర మట్టం నుంచి ఎంత ఎత్తో చెప్పినంత మాత్రాన కొండ సంగతి చెప్పినట్టు కాదు.

నేను చూసిందే రాస్తున్నాను. మే నెలలో గ్లాస్గోలో మా అమ్మాయి దగ్గరున్నప్పుడు నేనూ మా అల్లుడూ బెన్ న లాప్ అనే కొండెక్కాం. ఎత్తు 935 మీటర్లు. దానికి వెళ్లాలంటే మూడు గంటలు రైల్లో కూర్చుని కొరౌర్ అనే స్టేషన్లో దిగాలి. ఆ స్టేషన్‌కు జనం వాడుకునే రోడ్డు లేదు. 408 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి మేం ఎక్కాల్సింది 527 మీటర్లే. మన్రోలన్నిటిలో తేలికైన వాటిలో ఒకటని దానికి పేరు కూడా. వ్యాసకర్త చదివితే పిల్లలాటే అనేవారు.

స్టేషన్ దాటాక ఆసియన్ అనే సరస్సు దాకా బండి బాట ఉంది. అది వదిలిపెట్టగానే దారి పోయింది. నేలంతా పీట్. వేల ఏళ్లుగా కుళ్లీ కుళ్లకుండా పేరుకున్న నాచు అది, నల్లగా, స్పంజిలా ఉంటుంది. మా వైపు నాట్లకు దమ్ము చేసిన మడిలో కాలు ఎలా దిగుతుందో అలా దిగింది, కాకపోతే ఐసు నీళ్లు. మా అల్లుడు ఆఫీసుకు వేసుకెళ్లే గుడ్డ బూట్లతో వచ్చాడు. రెండో గుంటలోనే ఒక బూటు లోపల ఉండిపోయింది. మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికి తీశాం.

ఆ నేల సంగతి రైలు మార్గం వేసినవాళ్లను అడగాలి. కొరౌర్‌కు దక్షిణాన ఉన్న రానొక్ మూర్ అనే బురద మైదానం ఎంత మట్టి పోసినా మింగేస్తుంటే, చెట్ల కొమ్మలూ వేర్లూ పరిచి, వాటి మీద మట్టీ బూడిదా పోసి, పట్టాల్ని తెప్ప మీద తేల్చినట్టు తేల్చారు. 1894లో ఆ దారిలో రైలు నడిచింది. అంతకు అయిదేళ్ల ముందు, 1889 జనవరిలో, లైను ఎటు వెయ్యాలో చూద్దామని ఏడుగురు పెద్దమనుషులు పట్నం దుస్తుల్లో ఆ మైదానం దాటబోయారు. వాళ్లలో ఇంజనీర్లున్నారు, పేరున్న కాంట్రాక్టరున్నాడు. చీకట్లో, మంచు కలిసిన వానలో చిక్కుకుని చావు తప్పి బయటపడ్డారు. కొండ కూడా కాదది, చదును నేల!

మా సంగతికొస్తాను. పైకి చేరేసరికి మబ్బు దిగింది. సన్నటి మంచు గింజలు మొహాన కొడుతున్నాయి. పది గజాల అవతల ఏముందో తెలియదు. ‘మ్యాపు ఫోన్లో ఉంది కదా మామయ్యా’ అన్నాడు అల్లుడు. ఫోన్లో తెల్ల గళ్లు తప్ప ఏమీ రాలేదు. సిగ్నల్ లేదు, చలికి చార్జీ కూడా సగానికి పడిపోయింది. నా సంచిలో కాగితపు మ్యాపు, దిక్సూచి ఉన్నాయి. నైరుతికి దిగితే సరస్సు, స్టేషను. తప్పి ఉత్తరానికి దిగితే మళ్లీ రోడ్డు కనపడటానికి ఎన్ని మైళ్లు నడవాలో మ్యాపులో చూస్తేనే నా కాళ్లు లాగాయి. మన సర్వే మ్యాపులో (టోపోషీటు అంటాం) కొండల దగ్గర 20 మీటర్లకొక కాంటూర్ గీత, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత, ఉంటుంది. వాళ్ల యాభై వేల స్కేలు మ్యాపులో 10 మీటర్లకొకటి. ఆ గీతలే మమ్మల్ని దింపాయి.

ఆ గీతల వెనక కూడా ఒక స్కాట్లాండ్ కొండ ఉంది. మేమెక్కిన చోటికి తూర్పున షిహాలియన్ అని ఒకటుంది. తాపీమేస్త్రి వేలాడదీసే గుండును కొండ తన వైపు ఎంత లాగుతుందో కొలిచి, దాన్నిబట్టి భూమి బరువు తేల్చాలని 1774లో మాస్కెలైన్ అనే ఖగోళ శాస్త్రవేత్త దాని వాలు మీద మకాం వేశాడు. ఆ లెక్కలు కట్టిన హట్టన్, ఒకే ఎత్తున్న చోట్లను గీతతో కలిపితే పని తేలికవుతుందని కనిపెట్టాడు. మా వృత్తివాళ్లు దణ్ణం పెట్టుకోవాల్సిన కొండ. అది ఈసారి కుదరలేదు.

నడకకు ఎంతసేపు పడుతుందో చెప్పే లెక్క ఒకటి 1892లో నేస్మిత్ అనే ఆయన చెప్పాడు. అయిదు కిలోమీటర్లకు గంట, ఆరు వందల మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. మాకు రానుపోను సుమారు పది కిలోమీటర్లు. ఆ లెక్కన మూడు గంటలు కూడా పట్టకూడదు. పట్టింది అయిదుంబావు. నేస్మిత్ లెక్కలో బురదకు కాలమ్ లేదు, అల్లుడి బూటుకు అసలే లేదు. సాయంత్రం ఆరు దాటాక వచ్చే బండికి అరగంట ముందు స్టేషన్లో పడ్డాం. ఆ దారిలో రోజుకు తిరిగేవి కొద్ది బళ్లే.

ఆ కొండలకు టికెట్టు లేదు, గేటు లేదు. 2003 నాటి చట్టం ప్రకారం బాధ్యతగా నడిచేవాళ్లు ఎవరైనా వెళ్లొచ్చు. మంచి చట్టమే. కానీ ‘బాబూ, ఈ బూట్లతోనా?’ అని ఆపే కాపలావాడు ఉండడు. ఇప్పుడు ఆ దేశంలో మన పిల్లలు వేలల్లో చదువుతున్నారు, సెలవొస్తే గుంపులుగా కొండలకూ వాగులకూ బయల్దేరుతున్నారు. 2024 ఏప్రిల్‌లో పిట్లోక్రీ దగ్గర టమ్మెల్ జలపాతంలో పడి ఇద్దరు ఆంధ్ర విద్యార్థులు పోయారు. ఆ వార్త చదివిన ఇళ్లకే మీ అనుబంధమూ వెళ్తుంది.

అందుకని వచ్చే ఆదివారం వేసే సవరణలో మన్రో పేరొక్కటే దిద్ది ఊరుకోవద్దని నా మనవి. ఎత్తుతో పాటు, రోడ్డు నుంచో స్టేషన్ నుంచో ఎంత దూరమో, తిరుగు బండి ఎన్నింటికో వెయ్యండి. ఆపదొస్తే 999కి ఫోన్ చేసి ముందు పోలీసుల్ని, వాళ్ల ద్వారా మౌంటెన్ రెస్క్యూని అడగాలని వెయ్యండి. వచ్చేవాళ్లు జీతం లేని స్వచ్ఛంద సేవకులు, పైసా తీసుకోరు. సిగ్నల్ సరిగా లేనిచోట ఆ నంబరుకే మెసేజ్ పెట్టొచ్చు గానీ, ఇంట్లో ఉన్నప్పుడే ఫోన్ను నమోదు చేసుకుని ఉండాలి. అదీ కుదరకపోతే ఈల. నిమిషంలో ఆరుసార్లు ఊది, నిమిషం ఆగి, మళ్లీ ఆరుసార్లు.

వ్యాసకర్త మీద నాకు కోపమేమీ లేదు. ఆయన ఈసారి అటు వెళ్తే ఆ మ్యాపు, దిక్సూచి గ్లాస్గోలో మా అల్లుడి దగ్గరే ఉన్నాయి, తీసుకెళ్లమనండి. మ్యాపు ఒక మూల కాస్త తడిసింది, కొరౌర్ ఉన్న మూల మాత్రం కాదు.

– ఒక విశ్రాంత సర్వే ఉద్యోగి, నరసరావుపేట