మంగమారిపేట దాకా

ఒరే పెద్దోడా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలైంది, ఇన్నాళ్లూ జవాబు రాయకపోవడం నాదే తప్పు. ఇక్కడ అంతా కులాసా. మేడమీద గదికి స్లాబు పడింది, అమ్మ మోకాలు కాస్త నయం. మిగతావి తర్వాత, ముందు ఇది విను. మొన్న ఏరువాక పున్నమి సాయంత్రం మీ నాన్న, అదే మా బాబాయ్, సైకిలు తొక్కారు! సందులో కాదురా, భీమిలి దారిలో మంగమారిపేట దాకా. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నారు. ఆగలేకపోతున్నాను.

మేం ఏడుగురం ఐదింటికి విశాఖ బీచిలో కురుసుర సబ్‌మెరైను దగ్గర కలుద్దామనుకున్నాం. పందెం లేదు, కబుర్లాడుకుంటూ వెళ్లి రావడమే. చూస్తే బాబాయ్ అప్పటికే వచ్చి నిలబడి ఉన్నారు, ఆ పచ్చ సైకిలు పట్టుకుని, ప్యాంటుకి క్లిప్పు పెట్టుకుని. "ఈ సబ్‌మెరైను 31 ఏళ్లు సర్వీసు చేసింది, నేను డాక్‌యార్డులో 34 చేశాను. 2002లో దీన్ని మ్యూజియం చేసి కూర్చోబెట్టారు. నన్ను మీరు కూర్చోబెట్టారు" అన్నారు. నాకు చివుక్కుమందిరా. ఆయన గుండెకి స్టెంటు వేశాక ఆ సైకిలుకి తాళం వేయించింది మనమే కదా. తొక్కొచ్చని డాక్టరు ఏడాది కిందటే అన్నాడట. మనం అడిగామా?

ఉక్కపోత అలాగే ఉంది గానీ వెనకగాలి తోస్తుంటే హాయిగా సాగిపోయాం. తెన్నేటి పార్కు ఎత్తు గుర్తుందిగా, 2020లో బంగ్లాదేశ్ ఓడ ఒడ్డుకి కొట్టుకొచ్చిన చోటు? గేర్ల సైకిళ్ల వాళ్లు ఇద్దరు దిగి నడిపించుకున్నారు. బాబాయ్ దిగలేదు. పైకెక్కాక నా చైను ఊడింది. నేను చేతులు నల్లగా చేసుకోబోతుంటే ఆయన ఓ వేపపుల్ల విరిచి, దాంతో చైను ఎత్తి పైపళ్లకి తగిలించి, పెడలు ఒక్కసారి ముందుకి తిప్పారు. టక్కున కూర్చుంది. వేలికి చుక్క గ్రీజు అంటలేదు. నేనూ ఆయనా ఒకేసారి నవ్వాం. నువ్వుండాల్సిందిరా.

రుషికొండ జనం దాటి మంగమారిపేట చేరేసరికి ఎండ కొండల వెనక్కి పోయింది. ఒకావిడ ముంజెలు కొడుతోంది. ఆఖరివి, సగం ముదిరిపోయినవి. లేతవి ఏరి ఆయనకిచ్చాం. బొటనవేలు గుచ్చి నీళ్లు జుర్రబోతూ అలాగే ఆగిపోయారు. సముద్రంలోంచి చందమామ! ముందు ఎర్రటి అంచు, తర్వాత పాతరాగి చెంబంత. ముంజె నీళ్లు మోచేతిదాకా కారుతున్నా తుడుచుకోలేదు. చాలాసేపటికి, "మీ పిన్నిని తీసుకురావాల్సింది, క్యారియరు ఖాళీగానే ఉంది" అన్నారు. ఇంకేమీ అనలేదు. నేనూ ఏమీ అనలేకపోయాను, ఆ గొంతు విన్నాక...

తిరుగుదారంతా ఎదురుగాలి. వంతులవారీగా ముందు తొక్కుతూ ఆయన్ని మధ్యలో పెట్టుకున్నాం. రెండుచోట్ల ఆగి మంచినీళ్లు తాగించాను, కంగారు పడకు. ఇంటికొచ్చేసరికి పిన్ని గుమ్మంలోనే ఉంది. తిడుతుందనుకున్నాను. సీటు మీద ఇసక పైటచెంగుతో దులిపి, "ఎంతదూరం వెళ్లారు?" అని మాత్రం అడిగింది.

ఆ తాళం చెవి నా దగ్గరే ఉంది, ఇక ఆయనకి ఇచ్చేస్తున్నాను. నువ్వు ఫోనులో కోప్పడకు, దయచేసి. వచ్చే ఆదివారం భీమిలి దాకా అంటున్నారు, అది పాతిక కిలోమీటర్లు కదా, నేనేమో దారిలో ఉన్న తోట్లకొండ దగ్గరే ఆపేద్దామని... అయ్యో, కరెంటు పోయింది. ఫోను వెలుగులో రాస్తున్నాను, అదీ ఆరిపోయేలా ఉంది. మిగతాది రేపు.

నీ
చిన్నోడు