ప్లాస్టిక్ వద్దంటున్న ఫ్లెక్సీ: మునిసిపల్ కమిషనర్‌కు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్ గారికి,

నమస్కారం. మా కూరగాయల మార్కెట్ గేటు మీద మొన్న పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. ‘ప్లాస్టిక్‌ను తరిమికొడదాం’ అని రాసి, పక్కన ఆరుగురు నాయకుల నవ్వు ముఖాలు వేశారు. ఫ్లెక్సీ కూడా ప్లాస్టిక్కే కదండీ! 100 మైక్రాన్ల కంటే, అంటే మిల్లీమీటరులో పదో వంతు కంటే పలచని పీవీసీ (ఒక రకం ప్లాస్టిక్) బ్యానర్లను 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. దీని మందం ఎవరైనా కొలిచారా? మందంగానే ఉందనుకుందాం, రేపు గాలికి చిరిగి మురుగుకాలువకు అడ్డుపడేది అదే.

120 మైక్రాన్లలోపు సంచులు కూడా 2022 డిసెంబరు 31 నుంచి నిషేధమే. గేటు దాటితే కొత్తిమీర కట్టకూ ఉల్లిపొర లాంటి సంచి ఇస్తున్నారు. తనిఖీకి వచ్చినవారు ఆకుకూరలమ్మే ముసలమ్మకు జరిమానా రాశారు. ఆమెకు ఆ సంచులను కిలోల లెక్కన అమ్మిన టోకు దుకాణం మాత్రం అదే వీధిలో దర్జాగా నడుస్తోంది.

మా తప్పూ ఉంది, కాదనను. చేతులూపుకుంటూ మార్కెట్‌కు వెళ్లేవారిలో నేనూ ఒకడిని. మా నాన్నగారు గుడ్డసంచి చంకలో పెట్టుకోనిదే గడప దాటేవారు కాదు.

ప్రచారం వద్దనడం లేదు. గోడల మీద రంగులతో రాయించండి, దండోరా వేయించండి. పొదుపు సంఘాల మహిళలతో గుడ్డసంచులు కుట్టించి, మార్కెట్ గేటు దగ్గర డిపాజిట్ మీద ఇప్పించండి. సంచి తిరిగిస్తే డబ్బు వాపసు. తనిఖీని మాత్రం టోకు దుకాణంతో మొదలుపెట్టండి.

ఆ ఫ్లెక్సీని దించాక చెత్తలో వేయించకండి. వానకు గంప మీద కప్పుకోవడానికి ఆ ముసలమ్మకు ఇప్పించండి.

ఇట్లు,
మార్కెట్ వెనుక వీధి నివాసి